శనివారం ప్రార్థన ఇళ్లల్లోనే జరగాల



పోయిన నెల కేజీఎఫ్‌లో మా ఇంటి పెద్దలంతా ఒకచోట కూర్చున్నప్పుడు ఒక మాట వచ్చింది. శనివారం సాయంత్రం ఇళ్లల్లో జరిగే తెలుగు ప్రార్థన కూడిక ఇంక ఆపేద్దాం, వారానికొకసారి ఫోన్‌లోనే కలుసుకుందాం అని. చెప్పినవాళ్లు చెడ్డ ఉద్దేశంతో చెప్పలేదు. వచ్చేది ఎనిమిది మందో తొమ్మిది మందో. పిల్లలంతా బెంగళూరులో. ఇక్కడ మిగిలిన పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులు. ‘ఆదివారం ఎట్లాగూ చర్చికి పోతానే ఉండాము కదా, మళ్లా ఇదెందుకు?’ అని ఒక అత్త అడిగింది. ఆ రోజు మేము గట్టిగా జవాబు చెప్పలేకపోయాం. ఇంటికి వచ్చి ఆలోచిస్తే చెప్పాల్సింది చాలా ఉందనిపించింది. అదే ఇక్కడ రాస్తున్నాం.

రాసే చేయి ఒకటే గానీ మాట మా అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల బిడ్డలందరిదీ. ఈ చేయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తుంది, చదివింది కన్నడ మీడియం. పెద్దమ్మ ఒకసారి చూసి దిద్దింది. ఇంకా తప్పులుంటే మన్నించండి.

ముందు సహవాసం అనే మాట దగ్గర ఆగాలి. కన్నడ బడిలో మాకు ఆ మాట మంచి మాటగా పరిచయం కాలేదు. ‘సహవాసదింద సన్యాసి కెట్ట’ అని సామెత. చెడ్డవాళ్లతో తిరిగితే సన్యాసి కూడా చెడిపోయాడని దాని అర్థం. ఎవరితోనైనా విసిగిపోతే ‘నిన్న సహవాసవే బేడప్పా’ అంటారు. అందుకే చిన్నప్పుడు శనివారం ప్రార్థనలో పెద్దలు ‘ఈ సహవాసం కోసం నీకు స్తోత్రం తండ్రీ’ అంటుంటే మాకు లోపల నవ్వొచ్చేది. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో తొలి విశ్వాసులు విడవకుండా చేసిన నాలుగు పనులు ఉన్నాయి కదా: బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. అందులో సహవాసం అని తెలుగు బైబిల్లో ఉన్నచోట కన్నడ బైబిల్లో అన్యోన్యతె అని ఉంటుంది. తెలుగులో అన్యోన్యం అంటే మనకు మొగుడూ పెళ్లాలే గుర్తొస్తారు. మా అవ్వకైతే ఈ రెండూ పట్టేవి కావు. ఆమె ‘సావాసం’ అనేది. ఆర్నెల్లు సావాసం చేస్తే వాళ్లు వీళ్లవుతారు, వీళ్లు వాళ్లవుతారు, అంతే. ఇప్పుడు చూస్తే ముగ్గురిలో అవ్వ మాటే అసలు సంగతికి దగ్గరగా ఉందనిపిస్తుంది. ఆర్నెల్లు అనేది అందులో ముఖ్యం. ఒకరోజు కలిస్తే అయ్యే పని కాదది.

మా వంశం ఈ గడ్డకు వచ్చింది 1920లలో. మా తాతగారి నాయన పలమనేరు వైపు పల్లె వదిలి, మైనులో పని ఉందంటే నడిచి వచ్చాడట. జాన్ టేలర్ కంపెనీ 1880లో ఇక్కడ పని మొదలుపెట్టినప్పటి నుంచీ చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పక్క నుంచి అట్లా ఎన్ని కుటుంబాలు వచ్చాయో! కంపెనీవాళ్లు కట్టిన వరసల్లో ఇళ్లు, వాటినే లైన్లు అంటాం. ఒకటే గది, ముందు కాస్త తడిక. మా లైన్లో తమిళం ఎక్కువ, తెలుగు తక్కువ. వీధిలో తమిళం, బడిలో కన్నడ, ఇంట్లో తెలుగు. ప్రార్థన మాత్రం ఎప్పుడూ తెలుగే.

ఆ ప్రార్థనకు టైము పెట్టింది పాస్టరు అయ్యగారు కాదు, మైను సైరన్. మూడు షిఫ్టుల పని కాబట్టి అందరూ ఒక వేళకు దొరకరు. రెండో షిఫ్టువాళ్ల కోసం పొద్దున పదికి ఒక ఇంట్లో, మొదటి షిఫ్టువాళ్ల కోసం సాయంత్రం ఆరుకు ఇంకో ఇంట్లో. రాత్రి షిఫ్టుకు దిగేవాళ్లు ఆరు గంటల ప్రార్థనలో చివరి పాట కాకముందే లేచి పోయేవాళ్లు. వాళ్లు లేచేటప్పుడు పాట ఆపి, అందరూ వాళ్ల తల మీద చేయి పెట్టి రెండు మాటలు ప్రార్థన చేసి పంపేవాళ్లంట. చాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్లకు పైన లోతు. కింద రాక్ బర్స్ట్ అయితే పైన ఇళ్లల్లో గిన్నెలు కదిలేవి. అప్పుడు ఎవరి మొగుడు ఏ షిఫ్టులో ఉన్నాడో లైన్లో అందరికీ తెలుసు కాబట్టి, ఎవరింటికి ముందు పరుగెత్తాలో కూడా తెలుసు. అవ్వ ఇది చెప్పేటప్పుడు ఎప్పుడూ భక్తిగా చెప్పేది కాదు. ‘తెల్సుండాల కదా, తెల్సుకోకుండా ఎట్లా?’ అనేది, అదేదో నీళ్లు పట్టుకునే విషయమైనట్లు.

ఇంకో సంగతి. మా కూడికలో పిడికెడు బియ్యం అలవాటు ఉండేది. మీలో చాలామంది ఇళ్లల్లో కూడా ఉండే ఉంటుంది. అన్నం వండేటప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయడం, వారం చివర అది సంఘానికి ఇవ్వడం. మా దగ్గర ఒక పెద్దాయన నోట్‌బుక్ పట్టుకుని ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం కూడబెట్టేవాడు. ఎవరిది ఎంత అని రాసుకునేవాడు. చూసేవాళ్లకు అది లెక్కలా కనపడుతుంది. అసలు పని వేరే. ఏ డబ్బా ఖాళీగా ఉందో ఆయనకు తెలిసిపోయేది. రెండు వారాలు వరసగా ఖాళీ డబ్బా కనపడితే మూడో వారం ఆయన అడిగేవాడు కాదు, కూడబెట్టినదాంట్లోంచే వాళ్ల డబ్బాలో పోసి వచ్చేవాడు. నోట్‌బుక్‌లో ఆ ఇంటి పేరు ఎదురుగా కూడా ఒక పిడికెడు అని రాసేవాడు. నోట్‌బుక్ ఇప్పుడు మా దగ్గర లేదు. 2001లో మైను మూసేసినప్పుడు ఇల్లు ఖాళీ చేయడంలో ఎక్కడో పోయింది.

ఈ కథ విన్న చాలా ఏళ్లకు ఇలాంటిదే ఇంకొకటి చదివాం. ఇంగ్లండులో మెథడిస్టుల తొలి రోజులు. 1742లో బ్రిస్టల్‌లో వాళ్లు కట్టుకున్న ప్రార్థన మందిరం మీద అప్పు ఉండింది. ఎట్లా తీర్చాలి అని కూర్చున్నప్పుడు ఒకాయన, తలా వారానికి ఒక పెన్నీ ఇవ్వాలి అన్నాడు. పేదవాళ్లు ఎక్కడి నుంచి ఇస్తారు అని ఇంకొకరు అడిగితే, ‘బాగా పేదవాళ్లను పదకొండు మందిని నాకు అప్పగించండి, వారం వారం వెళ్లి అడుగుతాను, ఇవ్వలేకపోతే వాళ్ల పెన్నీ నేనే వేస్తాను’ అన్నట్టుగా ఒప్పుకున్నాడు. మిగతావాళ్లు కూడా అట్లాగే పంచుకున్నారు. ఇంటింటికీ తిరగడం మొదలయ్యాక పెన్నీ కంటే పెద్ద సంగతులు బయటపడ్డాయి. ఎవరింట్లో తాగుడు, ఎవరింట్లో తగువు, ఎవరు దిగులుతో ఉన్నారు అన్నీ తెలిశాయి. జాన్ వెస్లీ అప్పుడు గమనించాడు, తాను వెతుకుతున్నది ఇదే అని. అట్లా పన్నెండు మంది చొప్పున చిన్న గుంపులు పుట్టాయి. మెథడిస్టులు అంత బలంగా నిలబడడానికి ప్రసంగాల కంటే ఆ గుంపులే పెద్ద కారణమని మాకు అనిపిస్తుంది. అప్పు తీర్చడానికి పోయి ఒకరి గడపలో ఒకరు నిలబడ్డారు చూడండి, మాకు నచ్చింది అది. మా పెద్దాయన బ్రిస్టల్ పేరు కూడా విని ఉండడు.

మైను 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. ఆ తర్వాత సంగతి కేజీఎఫ్‌వాళ్లకు చెప్పక్కర్లేదు, బయటివాళ్ల కోసం కొంచెం చెబుతాం. బతుకు రైలు మీద పడింది. మారికుప్పం నుంచి బెంగళూరుకు పొద్దున రైళ్లల్లో వేలమంది పోతారు, రాత్రికి తిరిగొస్తారు. సెక్యూరిటీ గార్డులు, ఆస్పత్రి ఆయాలు, బట్టల ఫ్యాక్టరీకి పోయే ఆడపిల్లలు, మాలాంటి కంప్యూటర్ పనివాళ్లు. ప్రార్థన శనివారం సాయంత్రానికి మారింది ఈ రైలు వల్లే. ముందు సైరన్, తర్వాత రైలు. కొందరు వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు ఇళ్లు తీసుకుని అక్కడే ఉండిపోయారు. ముప్ఫై మంది కూర్చునే కూడిక పదిహేను మందికి దిగింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినాక ప్రార్థన ఫోన్‌లోకి ఎక్కింది. అది మంచిదే అయింది, అబద్ధం చెప్పకూడదు. దుబాయ్‌లో ఉన్న అత్త ఇరవై ఏళ్ల తర్వాత మాతో కలిసి పాడింది. మంచం మీద ఉన్న తాత చెవి దగ్గర ఫోన్ పెడితే ఆయన పెదాలు కదిలాయి. ఆ రెండేళ్లు ఫోనే లేకపోతే మేము ఒకరికొకరు లేకుండా పోయేవాళ్లం. కష్టం ఎక్కడొచ్చిందంటే, బయటికి రావచ్చు అన్నాక కూడా సగం మంది ఫోన్‌లోనే ఉండిపోయారు. వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఒకరు వాక్యం పెడతారు, కింద నలభై ఆమెన్‌లు, నలభై నమస్కారం బొమ్మలు. చూడడానికి సంఘం కళకళలాడుతున్నట్టే ఉంటుంది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. చెప్పమని అతనే ఒప్పుకున్నాడు, పేరు మాత్రం రాయం.

మా చిన్నాయన కొడుకు, మాకు తమ్ముడు వరస. బెంగళూరులో ఒక కంపెనీలో అకౌంట్స్ పని. ఒక శుక్రవారం పిలిచి రేపటి నుంచి రావద్దు అన్నారు. అతను ఇంట్లో చెప్పలేదు. సోమవారం పొద్దున ఎప్పటిలాగే టిఫిన్ డబ్బా తీసుకుని రైలెక్కాడు. కంటోన్మెంట్‌లో దిగి, ప్లాట్‌ఫారం మీద కాసేపు, బయట కాసేపు కూర్చుని, మధ్యాహ్నం డబ్బా తిని, సాయంత్రం రైలుకు తిరిగొచ్చాడు. మంగళవారం కూడా అంతే. అట్లా నాలుగు నెలలు. మొదటి రెండు నెలలు ఉన్న డబ్బు, తర్వాత రెండు నెలలు అప్పు. ఆ నాలుగు నెలలూ గ్రూపులో ప్రతి పొద్దునా అతని ఆమెన్ ఉంది. మేము తర్వాత వెనక్కి వెళ్లి చూశాం, ఒక్కరోజు కూడా తప్పలేదు. రైల్లో కూర్చుని పెట్టేవాడంట. శనివారం ఫోన్ ప్రార్థనలో అంశాలు చెప్పమంటే కెమెరా ఆపి ‘అంతా బాగుంది, దేవునికి స్తోత్రం’ అనేవాడు. మేము కూడా స్తోత్రం అనేవాళ్లం.

మా టెస్టింగ్ పనిలో ఇలాంటి జబ్బు ఒకటి ఉంది. రిపోర్టు తెరిస్తే అన్నీ పచ్చగా కనపడతాయి, అన్నీ పాస్. కానీ చెడిపోయిన చోటును చూసే టెస్ట్ అసలు ఎవరూ రాసే ఉండరు. ఈ సంగతి మాకు ఆఫీసులో బాగా తెలుసు. ఇంట్లో తెలియలేదు. కొన్ని రోజులు అదే రైల్లో, రెండు పెట్టెల అవతల మేమూ ఉన్నాం.

ఎట్లా బయటపడింది? ఆ ఏడు పెద్దమ్మ పట్టుబట్టి తన ఇంట్లో శనివారం ప్రార్థన మళ్లీ పెట్టింది. పాటల పుస్తకాలు చాలక ఇద్దరికి ఒకటి ఇచ్చారు. తమ్ముడు పెద్దమ్మ పక్కన కూర్చున్నాడు. మా అందరిలోకీ గట్టిగా పాడేది అతనే, పక్క లైనుకు వినపడుతుంది. ఆ రోజు పెదాలు కదులుతున్నాయి గానీ గొంతు రాలేదు. పుస్తకానికి అటు కొస పట్టుకున్న పెద్దమ్మకు తప్ప ఎవరికీ అది తెలియలేదు. ప్రార్థన అయ్యాక అతను వంటింట్లో టీ గ్లాసులు కడుగుతుంటే వెనకే పోయి అడిగింది.

‘ఏంరా, మొగం అట్లుండాది? పాట యాల పాడలేదు?’

‘గొంతు బాగలేదు పెద్దమ్మా.’

‘గొంతు కాదు. ఏమైందో చెప్పు.’

గ్లాసు చేతిలో పట్టుకునే ఏడ్చాడు. నీళ్లు అట్లానే పోతూ ఉన్నాయంట.

ఆ తర్వాత జరిగింది పెద్ద అద్భుతమేమీ కాదు. ఒక మామ పిల్లల ఫీజు కట్టాడు. ఆ రాత్రే పెద్దమ్మ అతని వెంట ఇంటికి పోయి, మరదలు ముందర కూర్చుని విషయం చెప్పించింది, అదే అన్నిటికంటే కష్టమైన పని. మేము అతని రెజ్యూమె కూర్చుని తిరగరాశాం. ఐదు నెలలకు ఇంకో చోట పని దొరికింది, జీతం ముందుకంటే తక్కువ. ఒకరోజు రైల్లో అతనే అన్నాడు: ‘ఎవరన్నా ఎదురుగా కూర్చొని అడిగుంటే మొదటి వారమే చెప్పేసేవాణ్ణి అన్నా. ఫోన్‌లో బాగుండాను అని చెప్పేది చానా సులభం.’ మాకు జవాబు రాలేదు. రైలు అప్పుడు మాలూరు దాటింది.

అందుకే అత్త అడిగిన ప్రశ్నకు మా జవాబు ఇది. ఆదివారం చర్చిలో మనం అందరం ఒకవైపు తిరిగి కూర్చుంటాం, ముందరివాళ్ల వీపు చూస్తాం. అది కావాల్సిందే. శనివారం ఇంట్లో చాప మీద గుండ్రంగా కూర్చుంటాం, మొగాలు కనపడతాయి. ఒకరి భారం ఒకరు మోయండి అని పౌలు గలతీయులకు రాశాడు. మోయాలంటే ముందు భారం ఉందని కనపడాల కదా. మీ పాపాలు ఒకనితో ఒకడు ఒప్పుకోవాలని యాకోబు కూడా రాశాడు. మైకు ముందర అది ఎవరు చేయగలరు? ఇద్దరు ముగ్గురి మధ్య, అదీ చాలా రోజుల పరిచయం ఉన్నవాళ్ల మధ్య అయితేనే కుదురుతుంది.

ఇల్లు అనేది బైబిల్లో చిన్న విషయం కాదు. అకుల, ప్రిస్కిల్ల గుర్తున్నారు కదా. అకుల పుట్టింది పొంతులో. మొగుడూ పెళ్లాం రోమాలో ఉండగా క్లౌదియ చక్రవర్తి యూదులందరూ ఊరు వదలాలన్నాడు. కొరింథుకు వచ్చి డేరాలు కుట్టుకుని బతికారు, పౌలు వాళ్లింట్లోనే ఉండి అదే పని చేశాడు. అక్కడి నుంచి ఎఫెసుకు. ఎఫెసులో వాళ్ల ఇంట్లో సంఘం, మళ్లీ రోమాకు వెళ్లినాక అక్కడా వాళ్ల ఇంట్లో సంఘం. ఊరు మారినప్పుడల్లా కుట్టుపనితోపాటు కూడికను కూడా వెంట తీసుకుపోయారు. హోసూరులో, బరంపురంలో, షోలాపూర్‌లో మూడు తరాలుగా ఉన్న మన తెలుగు కుటుంబాలకు వీళ్ల కథ వేరే విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

దగ్గరగా ఉండడంలో కష్టాలు లేవని మేము అనడం లేదు. మా కూడికలోనే జరిగాయి. ప్రార్థన అంశం అని ఒక అక్క తన కూతురి కాపురం సంగతి చెప్పుకుంటే, సోమవారానికి అది నీళ్ల కొళాయి దగ్గరికి చేరింది. ఆ అక్క రెండేళ్లు మా గడప తొక్కలేదు. తప్పు మాదే. మా పెద్దవాళ్లు ఆమె ఇంటికి పోయి క్షమాపణ అడిగారు, అడగడానికి ఆర్నెల్లు పట్టింది. ఇంకోసారి ప్రార్థనకు వచ్చేవాళ్ల మధ్యే చీటీ పాట మొదలైంది. ఒకరు డబ్బు ఎత్తుకుని కట్టడం మానేశారు, దాంతో మూడు ఇళ్లు ముఖాలు చూసుకోవడం మానేశాయి. అప్పటి నుంచి ప్రార్థన చాప మీద చీటీ మాట ఎత్తకూడదని కట్టుబాటు. సాయం చేయాలంటే చేయొచ్చు, తిరిగొస్తుందని లెక్క పెట్టుకోకూడదు.

కులం సంగతి కూడా దాచలేం. ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకున్నవాళ్లమే, పెళ్లి సంబంధం మాట రాగానే ‘వాళ్లు ఎవరంట?’ అని గొంతు తగ్గించి అడుగుతాం. మన తెలుగు సంఘాలకు ఇది పాత పుండు, ఊరు దాటి నూరేళ్లయినా మానలేదు. దీన్ని మేము తేల్చేశామని చెప్పుకోము. ఒకటి మాత్రం చూశాం. వారం వారం వాళ్లింట్లో అన్నం తిని, వాళ్ల బిడ్డను ఎత్తుకుని తిప్పినవాళ్లకు ఆ ప్రశ్న అడగడానికి నోరు కొంచెం తడబడుతుంది. దూరం నుంచి ఆమెన్ పెట్టేవాళ్లకు ఆ తడబాటు కూడా ఉండదు.

జర్మనీలో డీట్రిష్ బాన్‌హాఫర్ అనే పాస్టరు 1935లో ఫింకెన్‌వాల్డె అనే చోట కాబోయే పాస్టర్లతో కలిసి ఒకే ఇంట్లో ఉన్నాడు. 1937లో హిట్లర్ పోలీసులు దాన్ని మూయించారు. ఆ అనుభవం మీద 1939లో ఒక చిన్న పుస్తకం వేశాడు. అందులో మాకు గుచ్చుకున్న సంగతి ఏమిటంటే, సహవాసం ఎట్లా ఉండాలి అనే కలను ప్రేమించేవాడు ఉన్న సహవాసాన్ని పాడు చేస్తాడట. మా కొళాయి దగ్గరి కథ, చీటీ కథ తలచుకుంటే ఆయన చెప్పింది సరిగా అర్థమవుతుంది. మచ్చలేని గుంపు దొరికేదాకా ఆగితే ఎవరింట్లోనూ చాప పరవలేం.

ఇంక భాష సంగతి. ఇక్కడ మాకు కొందరు పెద్దలతో తేడా ఉంది. శనివారం ప్రార్థన ఉండాలి, లేకపోతే పిల్లలకు తెలుగు పోతుంది అని వాళ్లు అంటారు. ప్రార్థన ఉండాలి అనేదాంట్లో వాళ్లూ మేమూ ఒకటే, కారణం దగ్గరే తేడా. మేము తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోనే. కన్నడ అక్షరాలు వచ్చినవాళ్లకు తెలుగు అక్షరాలు అక్కచెల్లెళ్ల లాంటివి, తలకట్టు దగ్గర కాస్త తికమక తప్ప. పక్కన కూర్చున్న తాత వేలు పెట్టి చూపిస్తుంటే, పాట ముందే నోటికి వచ్చు కాబట్టి ఏ అక్షరం ఏదో మేమే కనిపెట్టుకున్నాం. బడి లేదు, టీచరు లేదు. ఆ వేలు లేకపోతే తెలుగు మాకు మాట్లాడే భాషగానే ఉండిపోయేది, ఇది రాయగలిగేవాళ్లమే కాదు. కానీ తాత మాకు తెలుగు నేర్పాలని వేలు పెట్టలేదు. మేమూ పాడాలని పెట్టాడు.

ఇప్పుడు పిల్లలు కూడికకు వస్తే ‘తెలుగులో ప్రార్థన చెయ్యి’ అని అందరి ముందరా నిలబెడతాం. వాళ్లు సిగ్గుపడి రెండో వారం నుంచి రారు. పోయినసారి మా అక్క కూతురు, పదకొండేళ్లు, కన్నడలో ప్రార్థన చేసింది. ఒక మామ మొహం చిట్లించాడు. మేమైతే ఆ పిల్ల ప్రార్థనలో తన క్లాసులో ఎవరూ తనతో కూర్చోవడం లేదని చెప్పడం విన్నాం. వాళ్లమ్మకు కూడా అప్పటిదాకా తెలియదు. ఆ మాట ఏ భాషలో వచ్చిందని చూడాలా? కన్నడలో చేయనివ్వండి, ఇంగ్లీషులో చేయనివ్వండి. పాట మటుకు తెలుగులో పాడదాం. ఒకే పుస్తకం ఇద్దరు పట్టుకుని పాడితే అక్షరాలు వాటంతటవే వస్తాయి, మాకు అట్లానే వచ్చాయి.

మేము పెద్దలను అడిగేది ఎక్కువేమీ కాదు. ఫోన్ ప్రార్థన ఉంచుదాం, దుబాయ్ అత్త కోసం, మంచం మీద ఉన్నవాళ్ల కోసం. శనివారం ఇంట్లో ప్రార్థన ఆరుగురే వచ్చినా ఆపొద్దు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లింట్లోనే పెడదాం, అప్పుడు వాళ్లు కదలాల్సిన పని ఉండదు, చాపకు బదులు కుర్చీలు మేము తెస్తాం. ప్రసంగం పది నిమిషాలు దాటొద్దు (ఇది ఒక పెదనాయనకు కోపం తెప్పిస్తుంది, తెలుసు). వంటలు ఎక్కువ చేసి ఆడవాళ్లను అలసిపోనివ్వొద్దు. టీ, బన్ను చాలు. గ్లాసులు మగవాళ్లు కడగాలి. విన్నది గడప దాటకూడదు. రెండు వారాలు రానివాళ్లకు మెసేజ్ పెట్టడం కాదు, ఎవరో ఒకరు ఇంటికి పోయి చూసి రావాలి. ఆ పనికి పాత నోట్‌బుక్ లాంటిది ఒకటి మళ్లీ మొదలుపెట్టాం, ప్రస్తుతానికి అది తమ్ముడి దగ్గర ఉంది. అతనే అడిగి తీసుకున్నాడు.

బెంగళూరులో ఉన్నవాళ్లకు: వచ్చే శనివారం ప్రార్థన ఆండర్సన్‌పేటలో పెద్దమ్మ ఇంట్లో, సాయంత్రం ఆరున్నరకు. మధ్యాహ్నం మారికుప్పం బండికి మేము కేఆర్ పురంలో ఎక్కుతాం, వెనక నుంచి మూడో పెట్టె. పాటల పుస్తకాలు ఉన్నవాళ్లు తెచ్చుకోండి, లేనివాళ్లు ఉత్త చేతుల్తోనే రండి.